అమ్మొచ్చు కదా!

నేను అల్లుతూ కనబడితే చాలు, చూసినవాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు. ఒకటి, "ఇంత ఓపిక ఎక్కడిదండీ మీకు?" రెండు, "ఇప్పుడివన్నీ బయట చవగ్గా దొరుకుతున్నాయి కదా?" మూడోది అన్నిటికంటే ప్రేమగా అడిగేది. "ఊరికే ఇలా అల్లుకుంటూ కూర్చునే బదులు అమ్మొచ్చు కదా?"

మొదటిదానికి జవాబు సులువు. ఓపిక ఉండి అల్లడం కాదండీ, ఓపిక లేకే అల్లుతున్నాను. డాక్టరు గారి దగ్గర మన టోకెను 43, లోపల నడుస్తున్నది 11. మావాడి కోచింగ్ క్లాసు ఆరింటికి వదలాలి, ఏడవుతుంది. పెళ్లికి రమ్మన్నది ఎనిమిదింటికి, ముహూర్తం పదకొండున్నరకి. ఇలాంటి చోట్ల చేతిలో సూదులు లేకపోతే నేను ఎవరో ఒకరితో గొడవ పెట్టుకునేదాన్ని. మా ఇంట్లో ఉన్న కాస్త శాంతీ నా ఊలు సంచీ పుణ్యమే. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు, పైకి ఒప్పుకోరంతే.

రెండో ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. హైదరాబాదులో చలి అంటే గట్టిగా లెక్కేస్తే రెండు మూడు వారాలు. ఆ చలి మొదలయ్యేలోపే టిబెటన్లు వచ్చి రోడ్డు పక్కన స్వెటర్ల దుకాణాలు పెట్టేస్తారు. మా ఆయన సైజు స్వెటరుకి నాకు 600 గ్రాముల దాకా ఊలు పడుతుంది. ఆ ఊలు ఖరీదుకి వాళ్ల దగ్గర తయారుగా ఉన్న స్వెటరు వచ్చేస్తుంది, బేరమాడితే మంకీ టోపీ కూడా వస్తుంది. నా సాయంత్రాలు నెలన్నర మిగులుతాయి. లెక్క కరెక్టే.

కానీ ఈ లెక్క నాకొక్కదానికే ఎందుకు చెప్తారు? మా ఆయనకి ఫొటోల సరదా ఉంది. వికారాబాద్ అడవిలో తెల్లవారుజామున సూర్యోదయం తియ్యడానికి మూడున్నరకి అలారం పెట్టుకుంటారు. (ఆ అలారానికి లేచేది నేను, అది వేరే విషయం.) సూర్యుడి ఫొటోలు ఫోనులో ఎన్ని కావాలంటే అన్ని ఊరికే దొరుకుతున్నాయి కదా, మీరెందుకండీ అంత దూరం వెళ్లడం అని ఆయన్ని ఒక్కరూ అడగరు. ఆదివారం షటిల్ ఆడొచ్చిన మా మరిదిని, ఇంతకన్నా బాగా ఆడేవాళ్లని టీవీలో చూడొచ్చు కదయ్యా అని ఎవరూ అనరు. ఆ కెమెరాతో డబ్బులు సంపాదించొచ్చు కదా అన్న మాట నేను ఇన్నేళ్లలో వినలేదు. ఆయన లెన్సు కొంటే అది హాబీ. నేను నాలుగు ఊలు ఉండలు కొంటే పిచ్చి.

సరే, పిచ్చే అనుకుందాం. దాని గురించి కూడా చెప్తాను, దాచేదేముంది? నిజానికి దాచడానికి ఇంక చోటు లేదు. దివాన్ కింద అర నిండిపోయింది. బొమ్మల కొలువు పెట్టె వెనక రెండు సంచులున్నాయి. పాత వీఐపీ సూట్‌కేసు ఒకటి నాది. రేషను బియ్యం పోసుకునే పాత డబ్బా ఒకటి ఖాళీ అయితే, కడిగి ఆరబెట్టి, కాసిని ఎండు వేపాకులు వేసి గులాబీ రంగులన్నీ అందులో సర్దాను. మా ఆయన ఒకసారి ఆ డబ్బా మూత తీసి చూసి, ఏమీ మాట్లాడకుండా మూత పెట్టేశారు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటిన మగాడికి వచ్చే జ్ఞానం అది.

"ఇంట్లో నీలం ఉందిగా, మళ్లీ నీలమా?" అంటారు. ఏం చెప్పమంటారు? ఉన్నది నెమలికంఠం, ఇది ఇంకు నీలం. మీ బీరువాలో ఆకుపచ్చ చీరలు ఎన్నున్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి, నా బాధ మీకు అర్థమవుతుంది. పైగా ఇందులో శాస్త్రం కూడా ఉంది. ఊలు ఉండ మీద ఉండే కాగితం పట్టీ మీద రంగు నంబరుతో పాటు డై లాట్ నంబరు అని ఇంకోటి ఉంటుంది. ఒక విడతలో రంగులో ముంచిన ఊలుకంతటికీ ఒకే లాట్ నంబరు. రంగు నంబరు ఒకటే అయినా లాట్ మారితే ఛాయలో తేడా వస్తుంది. కొట్లో పక్కపక్కన పెట్టి చూస్తే తెలియదు. అల్లి వేసుకుని ఎండలోకి వెళితే మాత్రం భుజం దగ్గర గీత గీసినట్టు కనబడుతుంది. కాబట్టి కొన్నప్పుడే సరిపడా కొనాలి, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు ఎక్కువే కొనాలి. ఇదంతా నేను మా ఆయనకి ఓపిగ్గా వివరించాను. "ఈ పద్ధతి కనిపెట్టింది ఊలు కంపెనీవాళ్లే అయ్యుంటారు" అన్నారు.

ఇంట్లోవాళ్లతో అసలు చిక్కు ఊలు దగ్గర కాదు, లెక్క దగ్గర వస్తుంది. సూది మీద 140 కుట్లున్నాయనుకోండి, డిజైను కోసం ప్రతి వరుసలోనూ లెక్క పెట్టుకుంటూ పోవాలి. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది... "అమ్మా, నా బెల్టు ఎక్కడ?" అది గోడకున్న మేకుకే ఉంటుంది, వాడు పుట్టినప్పటినుంచీ ఆ మేకు అక్కడే ఉంది. అయినా అడుగుతాడు, వరుస మధ్యలోనే అడుగుతాడు. ఇప్పుడు నేను జవాబు చెప్పడం మానేసి గట్టిగా "నూట నాలుగు!" అంటాను. మొదట్లో వింతగా చూసేవారు. ఇప్పుడు మా అమ్మాయి, "అమ్మ నంబర్లు మాట్లాడుతోంది, తర్వాత రా" అని వాణ్ని లాక్కెళుతుంది. ఆ అమ్మాయే పదో తరగతి దాకా నేను అల్లిన పూల టాపుని చూసి, "టీవీ మీద కప్పే గుడ్డలా ఉంది, నేను వేసుకోను" అంది. కాలేజీకి వెళ్లాక క్రోషే టాపులు ఫ్యాషనయ్యాయి. ఇప్పుడు ఫోనులో ఫొటో చూపించి, "ఇలాంటిది శుక్రవారానికి కావాలి" అంటోంది. మంగళవారం రాత్రి అంటుంది ఆ మాట.

ఇక మూడో ప్రశ్న. అమ్మొచ్చు కదా?

ఒకసారి లెక్క చూద్దాం. చంటిపిల్లల సెట్టు, అంటే గౌను, టోపీ, బుల్లి బూట్లు. 200 గ్రాముల మెత్తటి ఊలు, నా చేతికి పాతిక గంటల పని. గంటకి 50 రూపాయలే వేసుకున్నా, ఊలు కాకుండా 1250. ఈ అంకె నోటితో చెప్పి చూడండి, ఎదుటివాళ్ల మొహం ఎలా మారుతుందో! "అమ్మో, అంతా? ఆన్‌లైన్‌లో 399కే ఉంది." తర్వాత మాట ఇంకా బాగుంటుంది. "అయినా మీరు ఎలాగూ ఖాళీగానే ఉంటారు కదా, సీరియల్ చూస్తూ చేసుకునేదేగా!"

ఈ "ఖాళీ" అన్న మాట మీద నాకు పాత కక్ష ఉంది. మా అత్తగారిది నరసాపురం దగ్గర మొగల్తూరు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో లేసు కుట్టడం గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, తరాల తరబడి అక్కడి ఆడవాళ్ల చేతుల్లో ఉండిపోయింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో అక్కడికి వచ్చి, ఈ ఆడవాళ్ల మధ్య తిరిగి, 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అని పుస్తకమే రాశారు. అందులో ఆవిడ చూపించిన సంగతి ఇది. ఇంటి చాకిరీ అంతా చేసుకుని, ఆ పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు కుట్టే ఆడవాళ్లని ఎవరూ పనివాళ్లు అనలేదు. గృహిణులు, ఖాళీ సమయంలో ఏదో కుట్టుకుంటున్నారు అన్నారు. ఆ ఖాళీ సమయంలో కుట్టిన లేసు ఓడలెక్కి విదేశాలకి వెళ్లింది. వ్యాపారం మగవాళ్ల చేతిలో, లాభం వాళ్లకే. కుట్టినావిడ చేతికి వచ్చింది పొలంలో ఆడకూలీకి రావలసిన కనీస కూలి కన్నా తక్కువ. ఇల్లు కదలకుండా చేసే పని కాబట్టి పరువుకి లోటు లేదు, పరువు దక్కింది కాబట్టి డబ్బు అడగక్కర్లేదు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారు కొత్త కోడలు. వంటిల్లు సర్దుకున్నాక లాంతరు దగ్గర కూర్చుని కుట్టేవారట. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, కుట్టిన ముక్కలు లెక్కపెట్టి పట్టుకెళ్లేవాడు. కాస్త మాసిందంటే కోత, కొలత తగ్గితే కోత. ఆ డబ్బులతోనే మా ఆయన ఎలిమెంటరీ స్కూలు పలకా బలపాలు వచ్చాయి. ఇంట్లో అప్పుడు కూడా, "ఖాళీగా కూర్చుని దారం తిప్పుకుంటోంది" అనేవారట. హైదరాబాదు వచ్చేశాక ఆవిడ కొక్కెం సూది మళ్లీ ముట్టుకోలేదు. నేను క్రోషే పట్టుకున్న మొదటిరోజు ఆవిడ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. "డబ్బులు పోసి దారం కొనుక్కుని మరీ కుడుతున్నావా?" అన్నారు. అప్పుడు వెటకారం అనుకున్నాను. కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. పేరుకి గుర్తింపు వచ్చింది కాబట్టి, ఇక చేతికి కూడా రావాలి మరి.

నా గోల ఇదీ. అమ్మడానికి చేస్తే అది పని. పనికి ఇచ్చినట్టే డబ్బివ్వండి, గంటల లెక్కన ఇవ్వండి. నా కోసం నేను చేసుకుంటే అది సరదా. దాని జోలికి రాకండి. డబ్బిచ్చే దగ్గర "సరదాకే కదా" అని, సరదాగా చేసుకునే దగ్గర "దండగ కదా" అని, రెండు నాలికలతో మాట్లాడితేనే నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. మా అపార్టుమెంటులోనే ఒకావిడ ఆర్డర్ల మీద చేసి ఇస్తుంది, ఇంటి అద్దె దాంతోనే కడుతుంది. నన్ను అడిగినవాళ్లందరినీ ఆవిడ దగ్గరికే పంపిస్తాను, బేరమాడొద్దని మరీ చెప్పి పంపిస్తాను. నేను అమ్మకపోవడానికి కారణం వేరు. అమ్మితే తేదీ ఉంటుంది, రంగు వాళ్లది, కొలత వాళ్లది. నా రోజులో ఇప్పటికే బోలెడు తేదీలూ టైములూ ఉన్నాయి. ఏడుంపావుకి బాక్సు, ఏడున్నరకి బస్సు, పదింటికి అత్తయ్య గారి బీపీ మాత్ర. పొద్దున్న పోసిన దోసెలు ఎనిమిదింటికల్లా లేవు. తుడిచిన గచ్చు మీద తొమ్మిదింటికి కాళ్ల గుర్తులు. సాయంత్రానికి నేను రోజంతా చేసిన పనిలో కంటికి కనబడేది ఏమీ మిగలదు. రాత్రి పదింటికి అల్లిన నాలుగు వరుసలు మాత్రం మర్నాడు పొద్దున్న చూసినా నాలుగు వరుసలే. ఎవరూ తినెయ్యరు, తొక్కరు, మళ్లీ చెయ్యమనరు. నాకు నచ్చకపోతే నేనే విప్పేసుకుంటాను. ఈ ఒక్కటీ రేటు కట్టకుండా ఉంచుకుందామని.

మొన్న శ్రావణంలో మా ఆయన తరఫు పిన్నిగారు ఒకరు ఫోన్ చేశారు. మనవరాలు పుట్టింది, నామకరణానికి గులాబీ రంగు సెట్టు కావాలట. "ఊలు డబ్బులు ఇచ్చేస్తాంలే అమ్మా, నువ్వెలాగూ ఖాళీయే కదా" అన్నారు. ఏం చెప్పాలా అని నీళ్లు నములుతుంటే, మా అత్తగారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"రాజ్యం, ఊలు కాకుండా పదిహేను వందలవుతుంది. పాతిక గంటల పని అది. సగం ముందు పంపించు" అని పెట్టేశారు.

"నేను అమ్మనని మీకు తెలుసు కదా అత్తయ్యా" అన్నాను.

"అమ్మకు. రేటు మాత్రం తెలియాలి వాళ్లకి" అన్నారు ఆవిడ, సీరియల్ సౌండు పెంచుకుంటూ.

పిన్నిగారు మళ్లీ ఫోన్ చెయ్యలేదు. గులాబీ రంగు ఊలు బియ్యం డబ్బాలోనే ఉంది, తొమ్మిది ఉండలు, అన్నీ ఒకే లాట్.