ఓడిపోయే హక్కు

మాది అన్నవరం. ముహూర్తాల రోజుల్లో ఇక్కడ తెల్లవారకముందే బాజాలు మొదలవుతాయి. రత్నగిరి మీద పెళ్లి చేసుకునేవాళ్లు కొందరు, ఊళ్లో పెళ్లి చేసుకుని వ్రతానికి వచ్చేవాళ్లు ఇంకొందరు. పసుపు బట్టల జంటలు మా ఊరివాళ్లకి కొత్త కాదు. కానీ పోయిన వైశాఖంలో తొలి పావంచా దగ్గర "అక్కా" అని నన్ను పిలిచిన పెళ్లికూతుర్ని చూసి కాసేపు నాకు మాట రాలేదు.

ఆ పిల్ల ఒక డిగ్రీ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్. కిందటేడు కాదు, అంతకు ముందు ఏడు అంతర్ కళాశాలల పోటీల్లో వాళ్లు కప్పు గెలిచారు. కాలేజీ పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు గనక.

"టీం మొదటి మ్యాచ్‌లోనే పోయిందంట కదండీ అక్కా?" అని అడిగింది. అవునన్నాను. "ఎంత తేడాతోనండీ?" అంది. నాకు తెలియదు. కప్పు గెలిచినప్పుడు స్కోరు నోటికి చెప్పిన నేను, ఓడినప్పుడు కనుక్కోనే లేదు. ఇంతలో వాళ్లవాళ్లు పిలిచారు. కొంగు సర్దుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కప్పు గెలిచిన ఏడాది ఏం జరిగిందో ముందు చెప్పాలి. కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. సభ పెట్టారు. శాలువాలు కప్పారు. ఫోటోలో పెద్దలందరూ కుర్చీల్లో కూర్చున్నారు, గెలిచిన పన్నెండు మందీ వెనక నిలబడ్డారు. ఆ కుర్చీల్లో నేనూ ఉన్నాను. మా సంఘం తరఫున పిలిస్తే వెళ్లి, ఆడపిల్లలు తలుచుకుంటే ఏదైనా సాధిస్తారని ఉపన్యాసం ఇచ్చి, టీ తాగి బస్సెక్కాను. ఏ కోర్టులో ఆడుతున్నారు, ఏ టైములో ఆడుతున్నారు, బూట్లు ఎవరివి అని ఒక్క మాట అడగలేదు.

ఆ తరవాతి ఏడు సంగతులు పెళ్లికూతుర్ని చూశాక వెళ్లి కనుక్కున్నాను. పన్నెండు మందిలో ఐదుగురికి చదువైపోయింది. అది సహజమే. మిగిలిన ఏడుగురిలో ఇద్దరికి వేసవిలో పెళ్లిళ్లయ్యాయి. ఒకమ్మాయి ఇంట్లో అప్పు పెరిగి రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. కెప్టెన్‌కి దసరాకి సంబంధం కుదిరింది. "ఎండలో ఆడితే నల్లబడిపోతావు" అని ఇంట్లో ఆట మాన్పించారు. పరీక్షలు మాత్రం రాయనిచ్చారు, అదే పెద్ద మేలు అన్నట్టు. ఆమెకి ఇరవై ఏళ్లు. కాబట్టి ఇది బాల్యవివాహం కాదు. పోలీసులకి ఫోన్ చెయ్యడానికి లేదు, కేసు పెట్టడానికి లేదు. చట్టానికి ఎక్కడా దొరక్కుండానే ఒక అమ్మాయి ఆట ఆగిపోయింది.

మిగిలింది ముగ్గురు. కొత్తవాళ్లని చేర్చుకుని తయారు చెయ్యాలంటే రోజూ ఆడాలి. సిమెంటు కోర్టు ఒక్కటే ఉంది. సాయంత్రం ఐదు దాటాక అది అబ్బాయిలది. అమ్మాయిలకి ఇచ్చిన వేళ మూడున్నర, నెత్తిన ఎండ. ఆ వేళకి రావాలంటే ఆఖరి పీరియడ్ మానాలి. మానితే అటెండెన్స్ పోతుంది. ఐదు తరవాత ఆడదామంటే బస్సు దొరకదు. దొరికినా, చీకటి పడ్డాక ఆడపిల్ల ఇంటికొస్తే ఆ ఊళ్లో అడిగే ప్రశ్నలు మనందరికీ తెలిసినవే.

డిసెంబరులో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయారు. కాలేజీలో ఒక పెద్దాయన నాతో అన్న మాట: "కప్పు నెత్తికెక్కిందండీ. ఈ ఏడు శ్రద్ధ లేదు. వచ్చే ఏడు టీం పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నాం."

అదే కాలేజీలో అబ్బాయిల జట్టు ఎన్నేళ్ల నుంచి ఓడిపోతోందో ఆయన్ని అడిగాను. నవ్వేశారు. "మగపిల్లలు కదండీ, ఆడుకోనివ్వండి" అన్నారు.

ఈ రెండు మాటల మధ్యే నా వాదమంతా ఉంది. మగపిల్లవాడు ఓడినా గెలిచినా కోర్టు వాడిదే. ఆడపిల్ల గెలిచినన్నాళ్లే అందులో ఉండనిస్తారు. గెలిస్తే శాలువా కప్పుతారు, ఓడితే తాళం వేస్తారు. గెలిస్తేనే నిలిచేదాన్ని హక్కు అనలేం. ఎవరో దయతలచి ఇచ్చినదనాలి. ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటారు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలో పుట్టింది. మరుసటి ఏడే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని స్మిత్ మహిళా కళాశాల విద్యార్థినులకి నేర్పింది. ఆడవాళ్ల ఒళ్లు తట్టుకోలేదన్న భయాలకి లొంగి కోర్టుని మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలని నియమం పెట్టారు. నియమాలు మారుతూ వచ్చినా, అక్కడి కాలేజీ అమ్మాయిలు మగవాళ్లలాగే ఐదుగురు జట్టుగా కోర్టంతా పరిగెత్తి ఆడడం అధికారిక నియమమయ్యేసరికి 1971 వచ్చింది.

ఆ మరుసటి ఏడు, 1972లో, ఫిలడెల్ఫియా దగ్గరి ఇమాక్యులాటా అనే చిన్న క్రైస్తవ మహిళా కళాశాల జాతీయ ఛాంపియన్ అయింది. పోటీలకి వెళ్లడానికి డబ్బుల్లేక టూత్ బ్రష్‌లు అమ్మారు. చివరికి ఎనిమిది మంది ఆటగత్తెలే వెళ్లగలిగారు. వెళ్లి గెలిచారు. 1973లో, 1974లో కూడా గెలిచారు. 1975, 1976 ఫైనళ్లలో మాత్రం డెల్టా స్టేట్ జట్టు చేతిలో ఓడిపోయారు.

వాళ్లకీ కప్పు నెత్తికెక్కిందా? కాదు. 1972 జూన్‌లోనే అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఏదీ ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారం. దాంతో పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు కూడా ఆడపిల్లల ఆటలకి డబ్బు పెట్టక తప్పలేదు. పెద్ద జట్లు వచ్చాక చిన్న కాలేజీ వెనకబడింది. కానీ ఆడేవాళ్ల సంఖ్య ఎంత పెరిగిందో చూడండి. 1971-72లో ఆ దేశపు హైస్కూళ్లలో ఆటల జట్లలో ఉన్న అమ్మాయిలు 3 లక్షల లోపు. ఇప్పుడు 30 లక్షల పైచిలుకు. ఇమాక్యులాటా ఓడింది గానీ, ఆడపిల్లల ఆట ఓడలేదు. ఎందుకంటే అక్కడ ఆట చట్టం ఇచ్చిన హక్కయింది. అలాగని అక్కడ వివక్ష పోయిందనుకోకండి. 2021లో శాన్ ఆంటోనియోలో జాతీయ పోటీలకి వెళ్లిన కాలేజీ అమ్మాయిలకి వ్యాయామానికి ఒక చిన్న స్టాండు నిండా డంబెల్స్ మాత్రమే ఇచ్చారు. అదే పోటీల్లో మగవాళ్లకి పెద్ద హాలు నిండా సామగ్రి ఉంది. సెడోనా ప్రిన్స్ అనే క్రీడాకారిణి వీడియో తీసి లోకానికి చూపిస్తే గానీ నిర్వాహకులు కదల్లేదు. చట్టం వచ్చాక కూడా నిలదీసేవాళ్లు కావాలి.

మన దేశపు మహిళా జట్టు సంగతీ ఇలాంటిదే. 2017లో బెంగళూరులో ఆసియా కప్ బి డివిజన్ ఫైనల్లో కజకిస్తాన్ మీద 75-73తో గెలిచి పై డివిజన్‌కి వెళ్లింది. 2019లో అదే బెంగళూరులో జపాన్, కొరియా లాంటి జట్లతో ఆడి ఎనిమిదో స్థానంలో నిలిచింది. గెలిచి పైమెట్టు ఎక్కినవాళ్లకి ఎదురయ్యేది ఇంకా బలమైన జట్టు. కాబట్టి గెలిచిన తరవాతే ఎక్కువ సాయం కావాలి. మనం సరిగ్గా అప్పుడే చేతులు దులుపుకుంటాం.

2017 జట్టు కెప్టెన్ అనితా పాల్‌దురై బిడ్డ పుట్టాక మళ్లీ కోర్టులోకి వచ్చిన మనిషి. మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ ఛాంపియన్. సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 2000లో. మధ్యలో 1997లో పెళ్లయింది. అయినా బరువులెత్తడం మానలేదు. పెళ్లి, బిడ్డ ఆటకి అడ్డు కావని వీళ్లని చూస్తే తెలుస్తుంది. మన పిల్ల తిరిగి రాలేదంటే లోపం ఆమెలో లేదు.

మొన్న మా సంఘం సమావేశంలో ఈ విషయం ఎత్తితే ఒక సీనియర్ కార్యకర్త, "వరకట్నం చావులు, కూలి రేట్లు, గృహహింస ఇన్ని ఉండగా బంతాట మీద తీర్మానమా?" అంది. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పిన జవాబు ఇది. ఇంటి పని, చదువు, పెళ్లి వీటిలో దేనికీ పనికిరాని ఒక గంటని తన కోసం తను ఉంచుకోవడం మన ఇళ్లలో ఏ ఆడపిల్లకి సాధ్యం? తన కాళ్లూ చేతులూ తన కోసమే కదిలే గంట అది. సాయంత్రం ఆరింటికి రోడ్డు మీద నడిచే హక్కు, ఒంటి మీద ఏం వేసుకోవాలో నిర్ణయించుకునే హక్కు, పెళ్లి ఎప్పుడో చెప్పే హక్కు, అన్నీ ఆ గంటలోనే ముడిపడి ఉన్నాయి. ఆ గంట పోయినప్పుడే మనం పట్టించుకుని ఉంటే, దసరాకి సంబంధం కుదిరినప్పుడు ఆ పిల్ల వెనక నిలబడడానికి నలుగురం ఉండేవాళ్లం.

మరి మనం చెయ్యగలిగింది ఏమిటి? ప్రతి విద్యార్థినీ కాలేజీలో చేరేటప్పుడు ఆటల ఫీజు కడుతుంది. అందులో అమ్మాయిల మీద ఖర్చయింది ఎంత? ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలనైతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం రాసి అడగవచ్చు. కోర్టు వేళలు గోడ మీద రాసి పెట్టమనాలి. సాయంత్రపు వేళ వారంలో మూడు రోజులు అమ్మాయిలకి ఇవ్వమనాలి. ఆడిన రోజున ఆఖరి పీరియడ్‌కి హాజరు వెయ్యమనాలి. బస్సు వేళ మార్చమని డిపో మేనేజరుకి అర్జీ ఇవ్వాలి. మహిళా పీడీ గారు లేని చోట కనీసం ఒక మహిళా అధ్యాపకురాలు జట్టు వెంట వెళ్లేలా చూడాలి.

ఇంకొకటి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో పనిచేసే చోటు అంటే క్రీడా సంస్థలు, స్టేడియంలు కూడా. ఈ సంగతి మన కాలేజీల్లో ఎందరికి తెలుసు? 2023లో ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి మలిక్ లాంటి మల్లయోధురాళ్లే ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. పేరున్నవాళ్ల పరిస్థితే అదైతే మన పల్లెల నుంచి బస్సెక్కి వెళ్లే పిల్లల మాటేమిటి? కాలేజీ ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు ఆట స్థలంలో కూడా రాసి ఉండాలి.

పోయిన వారం మేం ముగ్గురం ఆ కాలేజీకి వెళ్లాం. ఆటల ఫీజు లెక్కల కోసం కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాం. టీం పంపడం మానితే ఊరుకోమని చెప్పి వచ్చాం. కోర్టు దగ్గర పాత జట్టులో మిగిలిన ముగ్గురిలో ఒకమ్మాయి కనిపించింది. ఇప్పుడు తను ఆఖరి సంవత్సరం. డిసెంబరు మ్యాచ్‌లో ఎంత తేడాతో ఓడారని అడిగాను. పదకొండు పాయింట్లట. "కొత్తవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు కదండీ, పర్లేదు. ఈ ఏడు ఇంకా తక్కువతో ఓడతాం" అని నవ్వింది.

కెప్టెన్‌ని మళ్లీ కలిస్తే ఆ అంకె చెప్పాలి. మీ దగ్గరి కాలేజీల్లో ఓడిపోయిన జట్లు ఏమయ్యాయో కనుక్కుని మాకు రాయండి.