చేయూతకు ధర్మము గలదు

ప్రతి సంవత్సరమును మన పాఠశాలలయందు క్రీడోత్సవము జరుగును. ఓర్వకల్లు ఎఱ్ఱనేలపై సున్నపు గీతలు గీసి, యీలలు మ్రోగించి, గెలిచినవారికి బహుమతు లిత్తుము. చూపులేని బాలు డొకడున్నచో, వాడా దినమున వేపచెట్టు నీడను కూర్చుండి యితరుల అడుగుల చప్పుడును వినుచుండును. వానిని పరుగునకు పిలువకపోవుట దయ యని మన మనుకొందుము. అది దయ కాదనియు, వానికి న్యాయముగా రావలసినదానిని నిలిపివేయుట యనియు మా యభిప్రాయము.

ఇందుకు జర్మనీ దేశస్థురాలగు వెరేనా బెంటెలె చరిత్రమును సాక్ష్యముగా చూపెదము. ఆమె 1982 సంవత్సరమున జన్మించెను, పుట్టుకతోనే అంధురాలు. పాదములకు స్కీ లను పొడవైన పలకలు కట్టుకొని మంచుమీద సాగు పందెములలో, ముందు పోవువాని కంఠస్వరమే ఆమెకు దారి. 2009లో నొక పోటీయందు ఆ దారిమాట తప్పినందున ఆమె యెండిన వాగులో పడి తీవ్రముగా గాయపడెను. ఇక ఆమె పోటీలు ముగిసినవని యెవరైనను తలంతురు. కాని ఆమె మరల తోడువాని మాటను నమ్మి, 2010లో కెనడాలోని వాంకోవర్ పారాలింపిక్ క్రీడలయందు అయిదు స్వర్ణపతకములు గెలిచెను. నాలుగు పారాలింపిక్ క్రీడలలో ఆమె పొందిన స్వర్ణములు మొత్తము 12. పిమ్మట ఆమె రాజకీయములలో ప్రవేశించెను. 2014 జనవరిలో జర్మనీ ప్రభుత్వ మామెను వికలాంగుల వ్యవహారములకు ప్రతినిధిగా నియమించెను. స్వయముగా వైకల్యము గలవారు ఆ పదవి నలంకరించుట అదియే మొదలు.

“బిడ్డ పడిపోవునేమో” యని తలిదండ్రు లందురు. ఆ భయము నిజమైనదే. కాని పడుటకు కారణము చూపులేమి కాదు, తప్పిన మాట. కావున బిడ్డను కూర్చుండబెట్టుటకంటె, తోడువానికి సరిగా దారి చెప్పుట నేర్పుట మేలు.

పరుగుపందెములలో ఈ తోడునకు చక్కని నియమ మున్నది. అంధుడును, తోడువాడును ఒక చిన్న త్రాటిని చేతులతో పట్టుకొని ప్రక్కప్రక్కల పరుగెత్తుదురు. తోడువాడు ముందునకు లాగరాదు. గమ్యరేఖను అంధునికంటె ముందు దాటరాదు. 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలయందు మన దేశపు సిమ్రాన్ శర్మ, అభయ్ సింగ్ తోడుగా 200 మీటర్ల పందెమున కాంస్యపతకమును గెలిచినది ఈ విధముగనే. చేయూత కింతకు మించిన ధర్మము లేదు.

పౌరజీవితమునందును ఈ ధర్మమే వర్తింపవలెను. అంధుడైన సాధన్ గుప్తా 1953లోనే కలకత్తా నుండి లోకసభకు ఎన్నికయ్యెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 4, ఉన్నతవిద్యలో నూటికి 5 చొప్పున స్థానములు కేటాయించినది గాని, శాసనసభలయందు గాని లోకసభయందు గాని వారికి స్థానములను ప్రత్యేకింపలేదు. ఓటింగు యంత్రముపై బ్రెయిలీ అంకెలున్నవి. అంధుడు వానిని తడవి ఓటు వేయును. ఓటు వేయదగినవాడు ఓటు అడుగ దగడా? అతని పక్షమున మాటలాడు మిత్రు లనేకులున్నారు. అతడే మాటలాడుటకు చోటిచ్చువారు కొలదిమంది.

యెరికో మార్గమున కూర్చుండి కేకలు వేసిన బర్తిమయిని జనులు ఊరకుండుమని గద్దించిరి. ప్రభువు మాత్రము నిలిచి, వానిని పిలిపించి, నీకేమి కావలెనని వానినే అడిగెను. వాని కోరిక తెలియనిదా? అయినను అడిగెను. మనమును ముందు అడుగుట నేర్వవలెను.

విద్యార్థులారా, రాబోవు క్రీడోత్సవమునకు ఒక మూరెడు త్రాడు చాలును. చూపులేని సహపాఠి నడిగి, అత డంగీకరించినచో, ఒక మాసము ప్రతి సాయంకాలము వానితో పరుగెత్తుడు. మీ మాట తప్పక యుండునట్లు సాధన చేయుడు. గీత దగ్గఱకు వచ్చినప్పుడు ఒక అడుగు వెనుకకు తగ్గుడు. ఆ అడుగు తగ్గుట నేర్చినవారు రేపు గ్రామసభలో కూర్చున్నను, ప్రక్కవానికి చోటియ్యగలరు.