వలీమా ఎవరి ఖర్చు?

షవ్వాల్ నెల వచ్చిందంటే మన చిన్న పట్టణాల షాదీఖానాలకు తీరిక ఉండదు. ఒక్కో ఆదివారానికి రెండు మూడు శుభలేఖలు ఇంటికి చేరతాయి. బంధువు పిలుస్తాడు, పొరుగువాడు పిలుస్తాడు, మసీదులో మన పక్కన నిలబడి నమాజు చేసే సోదరుడూ పిలుస్తాడు. వలీమా ఆహ్వానాన్ని అకారణంగా తిరస్కరించరాదని దైవప్రవక్త (స) బోధించారు. కనుక వెళ్లడం మన ధర్మం. అయితే దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న అతిథికి, తాను తింటున్న భోజనం ఎవరి కష్టార్జితమో తెలుసుకోవలసిన బాధ్యత ఉందా? ఉందనే నా అభిప్రాయం.

వలీమా అంటే వరుడు ఇవ్వవలసిన విందు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తన వివాహ వార్త చెప్పినప్పుడు, ఒక్క మేకతోనైనా వలీమా ఇవ్వమని ప్రవక్త (స) ఆదేశించింది ఆయననే గాని ఆయన అత్తవారిని కాదు. హజ్రత్ సఫియ్యా (రజి)తో వివాహానంతరం ప్రవక్త (స) స్వయంగా ఇచ్చిన వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. ఖర్జూరం, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి మాత్రమే వడ్డించారు. ధనికులను పిలిచి పేదలను విడిచిపెట్టే వలీమా భోజనం భోజనాలన్నిటిలో చెడ్డదని హదీసు హెచ్చరిస్తోంది. ఈ మాటలు మనం జుమా ఖుత్బాలలో ఎన్నోసార్లు విన్నవే.

కానీ మన పట్టణాలలో జరుగుతున్నది వేరు. నికాహ్ రోజు బరాత్‌తో వచ్చే వందలాది మందికి భోజనం పెట్టవలసిన బాధ్యత వధువు తండ్రిపై పడింది. షరీఅత్‌లో ఆధారం లేని ఈ భోజనమే ఇప్పుడు పెళ్లిలో అతి పెద్ద ఖర్చు. కొన్నిచోట్ల నికాహ్ భోజనాన్నీ వలీమానూ కలిపి ఒకే ‘రిసెప్షన్’ చేస్తున్నారు. ఖర్చు తగ్గించడానికేనని చెబుతారు. ఆచరణలో తగ్గుతున్నది వరుడి తరఫు ఖర్చే.

గత షవ్వాల్‌లో రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో బంధువుల ఇంటి రిసెప్షన్‌కు హాజరయ్యాను. ఆహ్వాన పత్రికపై ఆహ్వానించువారుగా వరుడి తండ్రి పేరుంది. వంటశాల వద్ద నిలబడి దేగ్‌లు లెక్కపెట్టుకుంటున్నది మాత్రం వధువు తండ్రి. వృత్తిరీత్యా ఆయన దర్జీ. ఇంటర్ పూర్తి చేసిన చిన్న కుమార్తె చదువు గురించి అడిగితే, “ఈ ఏడాదికి ఆగమన్నాను భాయ్, అప్పు కొంచెం తీరాక చూద్దాం” అన్నారు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. ఇదంతా లోకరీతి అన్నట్లు మాట్లాడారు. లోపల బల్లల వద్ద అతిథులు మరో విషయం చర్చిస్తున్నారు. బిర్యానీలో ముక్కలు తక్కువయ్యాయట. మీఠా ఒకటే పెట్టారట. ఫలానా వారి పెళ్లిలో మూడు రకాలు వడ్డించారట.

నా దృష్టిలో సమస్యకు మూలం ఆ బల్లల దగ్గరే ఉంది. జోడే కీ రఖమ్ అడిగేది వరుడి కుటుంబమే, నిజమే. కానీ దేగ్‌ల సంఖ్యను నిర్ణయించేది అతిథుల నాలుక. “నలుగురూ ఏమనుకుంటారో” అని ఆ తండ్రి భయపడింది మనల్ని చూసే. ఆ నలుగురం మనమే.

దీనికి మూడు సమాధానాలు వినిపిస్తుంటాయి. అమ్మాయి తండ్రి సంతోషంగానే పెట్టాడన్నది మొదటిది. పెట్టకపోతే సంబంధం నిలుస్తుందన్న భరోసా ఆయనకు ఉన్నప్పుడే ఆ సంతోషానికి అర్థం ఉంటుంది. మా అమ్మాయి పెళ్లిలో మేమూ పెట్టాం కదా అన్నది రెండవది. ఒక ఇంటికి జరిగిన అన్యాయాన్ని మరో ఇంటి నుంచి వసూలు చేసుకుంటే న్యాయం జరిగినట్లా? ప్రభుత్వం సహాయం చేస్తోంది కదా అన్నది మూడవది. తెలంగాణలో షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబరు 2న రూ.51 వేలతో మొదలై, 2018 నాటికి రూ.1,00,116కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రవేశపెట్టిన షాదీ తోఫాలో ముస్లిం వధువుకు లక్ష రూపాయలు ప్రకటించి, వధూవరులిద్దరూ పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండాలని నిబంధన పెట్టారు. పేద ఆడపిల్లకు ఆసరాగా రావలసిన సొమ్ము ఒక్క పూట బిర్యానీలో కరిగిపోతే, ఆ పథకం లబ్ధిదారులు అతిథులేనని ఒప్పుకోవలసి వస్తుంది.

ఖాజీ సాహెబ్ నికాహ్ పఠించేటప్పుడు మహర్ మొత్తాన్ని అందరూ వినేలా చెబుతారు. అదే వధువు తరఫు నుంచి వెళ్లిన నగదు, బంగారం, మోటారు సైకిల్ వివరాలు మైకులో ఎవరూ చెప్పరు, అయినా హాలులో అందరికీ తెలుసు. మహర్‌ను వధువుకు సంతోషంగా చెల్లించమని దివ్యఖుర్‌ఆన్ అన్‌నిసా సూరా ఆదేశిస్తోంది. ఆ మహర్ ఎన్నో ఇళ్లలో కాగితంపైనే మిగిలిపోతుండగా, ఆజ్ఞ లేని కట్నం మాత్రం నికాహ్‌కు ముందే చేతులు మారుతోంది.

చట్టం ఈ రెండింటినీ స్పష్టంగా వేరుచేసింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. కట్నం తీసుకున్నవారికి 5 సంవత్సరాలకు తగ్గని జైలుశిక్షను నిర్దేశించింది. ఇచ్చినా నేరమే కాబట్టి ఆడపిల్ల తల్లిదండ్రులు నోరు విప్పడానికి జంకుతారు. కానీ బాధితులు ఇచ్చే వాంగ్మూలం ఆధారంగా వారినే ప్రాసిక్యూట్ చేయరాదని అదే చట్టంలోని 7వ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. పెళ్లిలో ఇచ్చిన కానుకల జాబితాను, వాటి విలువను, ఇచ్చినవారి పేర్లను రాసి, వధూవరుల సంతకాలతో భద్రపరచాలని 1985 నాటి నియమాలు చెబుతున్నాయి. విడాకుల సందర్భంలో మహర్‌పైనా, పెళ్లినాడు తన బంధుమిత్రులు ఇచ్చిన ఆస్తిపైనా ముస్లిం స్త్రీకి హక్కు ఉందని 1986 చట్టం గుర్తించింది. కానుకల జాబితా లేకపోతే ఆ హక్కును కోర్టులో నిరూపించడం ఎంత కష్టమో న్యాయవాదులకు తెలుసు.

అయితే అతిథి చేయగలిగింది ఏమిటి? పూర్తిగా బహిష్కరించమని నేను అనను. అప్పు చేసి పిలిచిన తండ్రి ఇంటికి ఎవరూ రాకపోతే అవమానం ఆయనకే. నికాహ్‌కు వెళదాం, దుఆ చేద్దాం. వధువు తరఫువారు భారంతో పెట్టే భోజనానికి సవినయంగా సెలవు తీసుకుని, వరుడు ఇచ్చే వలీమాకు హాజరవుదాం. అది ఖర్జూరాలూ షర్బత్‌తో ముగిసినా మనసారా మెచ్చుకుందాం. ఇవ్వదలచిన సలామీని వధువు పేరు రాసి ఆమె చేతికే అందిద్దాం. దగ్గరి బంధువులమైతే, సంబంధం కుదిరే దశలోనే భోజనం ఖర్చు ఎవరిదని పెద్దల ముందు అడుగుదాం. కానుకల జాబితాపై సాక్షి సంతకాలు పెడదాం. మసీదు కమిటీలు నికాహ్‌ను మసీదులోనే జరిపించి, జాబితా సిద్ధమైందా అని ఖాజీ సాహెబ్ అడిగే ఆనవాయితీని నెలకొల్పాలి. 2021లో ముస్లిం పర్సనల్ లా బోర్డు సులభ నికాహ్ కోసం 11 అంశాల ప్రతిజ్ఞను సమాజం ముందుంచింది. దానిని మన జమాఅత్‌లలో చదివి వినిపించడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అవసరం లేదు.

రిజర్వేషన్ల కోసం, వక్ఫ్ భూముల కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం మనం పోరాడుతున్నాం. పోరాడవలసిందే. మన పిల్లల చదువుకు ప్రభుత్వం నిధులు ఇవ్వడం లేదని నిలదీసే సమాజం, ఒక దర్జీ కుమార్తె చదువు డబ్బు దేగ్‌లోకి పోతుంటే మౌనంగా వడ్డించుకోకూడదు. ఈసారి శుభలేఖ చేతికి వచ్చినప్పుడు ముహూర్తం ఎప్పుడని అడిగినంత సహజంగా, వలీమా ఖర్చు ఎవరిదని కూడా అడుగుదాం.