ఎంత చూపించాలి? ఎంత కావాలి?

ఏటా సంక్రాంతి వెళ్లిందంటే చుట్టాల దగ్గర్నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. పిల్లాడికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది, ఐ-20 తెప్పించుకోవాలి, వీసాకి వెళ్లాలి. నేను ఎమ్మెస్ చెయ్యలేదు. బీటెక్ అవగానే ఉద్యోగంలో చేరిపోయా. అయినా సరే "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నీకు తెలుస్తుంది" అని నన్నే అడుగుతారు (ఇంట్లో ప్రింటర్ పాడైనా నన్నే అడుగుతారు, అది వేరే సంగతి). బాబాయ్ అయినా, పెద్దమ్మ అయినా, ఆఫీసులో పక్క సీటు కుర్రాడైనా మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత చూపించాలి?"

ఇన్నేళ్లలో "ఎంత కావాలి?" అని అడిగినవాళ్లు ఒక్కరు కూడా లేరు. మన పిల్లలు అక్కడికెళ్లి పడే కష్టాల్లో చాలావాటికి మొదలు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందు రూలు ఏమంటుందో చూద్దాం. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 మీద మొదటి ఏడాదికి అయ్యే ఖర్చు ఉంటుంది. ఫీజు, ఇంటద్దె, తిండి, ఇన్సూరెన్సు వగైరా అన్నీ కలిపి. దాని పక్కనే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా ఉంటుంది: సొంత డబ్బా, యూనివర్సిటీ ఇచ్చేదా, ఇంకెవరైనా పెట్టుకుంటున్నారా అని. వీసా ఆఫీసర్ ఇంకొంచెం ముందుకి చూడాలి. మొదటి ఏడాదికి డబ్బు సిద్ధంగా ఉందా, తర్వాతి చదువుకి కూడా సమకూరే దారి ఉందా అని. ఉద్దేశం ఒకటే. చదువుకోడానికి వచ్చినవాడు బతకడం కోసం దొంగచాటుగా పని చేసుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

ఇదే సంగతి వేరే దేశాలు వేరే రకంగా తేల్చుకుంటాయి. బ్రిటన్ వాళ్లు డబ్బు వరసగా 28 రోజులు అకౌంట్లో ఉండాలంటారు. అది కూడా విద్యార్థి పేరునో, తల్లిదండ్రుల పేరునో. జర్మనీ వాళ్లది ఇంకా ముక్కుసూటి వ్యవహారం. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ఒక బ్లాక్డ్ అకౌంట్లో వేస్తే, అక్కడికెళ్లాక నెలకి 992 యూరోల చొప్పున వదులుతారు. కెనడా 2024 జనవరిలో ఫీజు కాక ఏడాది బతకడానికి చూపించాల్సిన మొత్తాన్ని 10,000 డాలర్ల నుంచి ఒక్కసారిగా 20,635కి పెంచింది. 2025 సెప్టెంబరులో మళ్లీ 22,895 చేసింది. అమెరికాకి ఇలా దేశమంతటికీ ఒక అంకె లేదు, ఇన్ని రోజులు ఉండాలన్న లెక్క లేదు. ఐ-20 మీద అంకె, కిటికీ అవతల ఆఫీసరు, రెండు మూడు నిమిషాల మాటలు. అంతే.

ఆ సందులోంచే మనవాళ్లు ఒక వ్యాపారం పుట్టించారు. బ్యాలెన్సు అద్దెకివ్వడం.

ఎలా జరుగుతుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కన్సల్టెన్సీ వాడు ఒక ఫైనాన్స్ మనిషిని చూపిస్తాడు. ఆయన మీ నాన్నగారి అకౌంట్లో పదిహేనో ఇరవయ్యో లక్షలు వేస్తాడు. ముందుగానే సంతకాలు పెట్టిన ఖాళీ చెక్కులు తన దగ్గర పెట్టుకుంటాడు. బ్యాంకు వాళ్లు బ్యాలెన్సు సర్టిఫికెట్ ఇస్తారు. నెలకి నూటికి ఇంత అని అద్దె. వీసా స్టాంపు పడ్డాక (చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణలు పూర్తయ్యేలోపే) డబ్బు వచ్చిన దారిన వెళ్లిపోతుంది. దీనికి తోడు సి.ఏ. గారి ఆస్తుల సర్టిఫికెట్. ఇల్లు ఇంత, పొలం ఇంత, బంగారం ఇంత, మొత్తం ఇన్ని కోట్లు అని.

ఇక్కడ నేను తల్లిదండ్రుల్నే తప్పు పట్టడం లేదు. మన ఆస్తులున్న తీరుకీ, ఆ కిటికీ దగ్గర అర్థమయ్యే కాగితాలకీ పొంతన కుదరదు. గుంటూరు జిల్లాలో ఆరెకరాల మిర్చి రైతునే తీసుకోండి. ఆయన పొలం విలువ ఊళ్లో ఒకటి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇంకొకటి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి చాలామందికి రిటర్నులే ఉండవు. బంగారం ఉంటుంది, బిల్లులుండవు. చీటీ ఉంటుంది, అది పాడుకునేదాకా డబ్బు కాదు. ఆయనకంటే ఎంతో తక్కువ ఆస్తి ఉన్న గుమాస్తా ఫారం 16, జీతం స్లిప్పులు పట్టుకెళ్లి గట్టిగా నిలబడతాడు. రైతు దగ్గర నిజం ఉన్నా దాన్ని కాగితం మీద పెట్టడం కష్టం. ఇది అన్యాయమే, ఒప్పుకుంటాను.

కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. అది మాట్లాడుకోడానికి మనకి మొహమాటం. ఇంజనీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం "కుటుంబ ఆదాయం ఏడాదికి రెండు లక్షల లోపు" అని సర్టిఫికెట్ తెచ్చిన నాన్నే, నాలుగేళ్లు తిరక్కుండా "ఆస్తి రెండు కోట్లు, ఏటా ఆదాయం ఇరవై లక్షలు" అనే సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడు. రెండిట్లో ఏది నిజం? చాలా ఇళ్లలో రెండూ కాదు. ఆ రెండు కాగితాలూ ఒకే బీరువాలో, ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. వాటిని చూస్తూ పెరిగిన పిల్లాడికి సంతకం అంటే ఏమని అర్థమవుతుంది?

సరే, నీతులు పక్కన పెడదాం. మనం ఇంజనీర్లం కదా, లెక్క చూద్దాం. ఐ-20 మీద 40,000 డాలర్లు ఉందనుకోండి. డాలరుకి 88 వేసుకుంటే 35 లక్షల 20 వేలు. ఇంట్లో చూపించింది 36 లక్షలు. అందులో 20 లక్షలు బ్యాంకు లోను, 16 లక్షలు అద్దె బ్యాలెన్సు. వీసా వచ్చిన వారానికి ఆ 16 లక్షలు వెనక్కి పోయాయి. మిగిలిన 20 లక్షలంటే సుమారు 22,700 డాలర్లు. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185, టికెట్, అద్దె బ్యాలెన్సుకి ఇచ్చిన కమిషన్... ఇవేవీ లెక్కలో వెయ్యడం లేదు.

ఇప్పుడు అక్కడికెళ్లిన కుర్రాడికి క్యాంపస్‌లో పని దొరికిందనుకుందాం. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి చెయ్యకూడదు. గంటకి 12 డాలర్లనుకుంటే వారానికి 240. ఏడాదిలో 30 వారాలకి 7,200. మొదటి రోజునుంచే దొరికితేనే సుమా! అన్నీ కలిపినా ఇంకో 10,000 డాలర్లు తక్కువ. ఇది మొదటి ఏడాదికే. రెండో ఏడాది ఫీజు గురించి ఇంకా మాట్లాడనే లేదు. ఇక్కడేమో 20 లక్షల లోను మీద 11 శాతం చొప్పున నెలకి 18 వేల పైనే వడ్డీ పేరుకుంటూ ఉంటుంది.

ఆ 10,000 ఎక్కడినుంచి వస్తుంది? మీకూ తెలుసు, నాకూ తెలుసు. పెట్రోల్ బంకులో నైట్ డ్యూటీ, రెస్టారెంట్ వంటింట్లో శని ఆదివారాలు, చేతికి క్యాష్. ఎఫ్-1 మీద వెళ్లినవాడు మొదటి విద్యాసంవత్సరంలో క్యాంపస్ బయట పని చెయ్యకూడదు. తర్వాతైనా అనుమతి లేకుండా చెయ్యకూడదు. పట్టుబడితే చదువు, వీసా రెండూ పోతాయి. పట్టుబడకపోయినా రాత్రంతా నిలబడి పని చేసినవాడు పొద్దున క్లాసులో ఏం వింటాడు?

నిజంగా కష్టమొస్తే ఒక దారి ఉంది. మొదటి విద్యాసంవత్సరం అయ్యాక, అనుకోని ఆర్థిక ఇబ్బంది వస్తే క్యాంపస్ బయట పనికి ఇమ్మిగ్రేషన్ వాళ్లని అనుమతి అడగొచ్చు. చదివించే మనిషి పరిస్థితి తారుమారైనా, రూపాయి విలువ బాగా పడిపోయినా, పెద్ద ఆసుపత్రి ఖర్చు వచ్చినా. అయితే ఆ కష్టం ముందుగా ఊహించనిదై ఉండాలి, మన చేతుల్లో లేనిదై ఉండాలి. అద్దె డబ్బు వెనక్కి వెళ్లిపోవడం ఊహించనిదని ఎవరు చెప్పగలరు? అంటే, ఇంటి దగ్గర ఆడిన అబద్ధం అక్కడ నిజమైన కష్టానికి ఉన్న ఒక్క తలుపుని కూడా మూసేస్తుంది. ఈ సంగతి ఏ కన్సల్టెన్సీ వాడూ చెప్పగా నేను వినలేదు.

డబ్బు తక్కువైనవాడికి ఇంకో వల కూడా ఉంటుంది. "ఈ యూనివర్సిటీకి మారిపో, ఫీజు తక్కువ, క్లాసులకి వెళ్లక్కర్లేదు, పని చేసుకోవచ్చు" అనేవాళ్లు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు తగిలించారు, గుర్తుందా? 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అది ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అందులో చిక్కినవాళ్లలోనూ మనవాళ్లు చాలామంది. వాళ్లందరూ అద్దె బ్యాలెన్సుతో వెళ్లారని నేను అనడం లేదు. కానీ జేబులో రెండో సెమిస్టరు ఫీజు ఉన్నవాడికి అలాంటి ఆఫర్ మీద అంత ఆశ పుట్టదు కదా.

"అందరూ చేస్తున్నారు కదా, ఆఫీసర్ కాగితాలే చూడట్లేదు" అంటారు. నిజమే, ఒక్క కాగితం కూడా అడక్కుండా వీసా ఇచ్చి పంపించేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ డీఎస్-160 ఫారంలో ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో రాసి, అంతా నిజమని ఒప్పుకుని పంపేది పిల్లాడే. "మీ నాన్న ఏం చేస్తారు, ఏడాదికి ఎంత వస్తుంది" అన్న ప్రశ్నకి నోటితో జవాబు చెప్పేదీ వాడే. 214(బి) కింద తిరస్కరిస్తే మళ్లీ వెళ్లొచ్చు. కానీ తప్పుడు పత్రం ఇచ్చాడనో, కావాలని అబద్ధం చెప్పాడనో తేలిస్తే అది జీవితాంతం వెంటాడే నిషేధం. తర్వాత కంపెనీ పంపినా, పెళ్లయి వెళ్లాలన్నా మినహాయింపు కోసం ప్రత్యేకంగా అడుక్కోవాలి. 2019 ఫిబ్రవరి నుంచి సి.ఏ.లు ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కీ యూడీఐఎన్ అని 18 అంకెల నంబరు తప్పనిసరి. ఎవరైనా నెట్‌లో సరి చూసుకోవచ్చు. దొంగ స్టాంపుల రోజులు వెళ్లిపోతున్నాయి.

ఇక మన సాఫ్ట్‌వేర్ జనాల సంగతి. ఇప్పుడు స్పాన్సర్లం మనమే. "అన్నయ్యా, నీ జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు పంపవా... బావా, ఒక్క నెల ఎఫ్‌డీ చూపించు చాలు" అని అడుగుతారు. చీటీ పాటలో షూరిటీ సంతకం పెట్టమంటే పదిసార్లు ఆలోచించే మనం, స్పాన్సర్ లెటర్ మాత్రం టీ బ్రేకులో సంతకం పెట్టి మెయిల్ చేసేస్తాం. కోర్టుకెళ్లి ఎవరూ మన దగ్గర వసూలు చెయ్యరులే అని ధైర్యం. కానీ ఆ కాగితం మీద "ఇతని చదువు ఖర్చు నేను పెట్టుకుంటాను" అని ఉంది. రేపు ఫిబ్రవరిలో వాడు ఫోన్ చేసి "అన్నయ్యా, ఫీజు కట్టాలి" అంటే ఇస్తామా? ఇవ్వగలిగితే సంతకం పెట్టండి. లేదా ఎంతవరకు ఇవ్వగలరో అంతే రాయండి. ఐదు లక్షలే ఇవ్వగలిగితే ఐదు లక్షలే. ఇంకో మాట, తమ్ముడి కోసం మీరే లోను తీసుకుంటే ఆ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. తన చదువుకో, భార్యాభర్తల చదువుకో, పిల్లల చదువుకో అయితేనే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే వస్తుంది.

ఇదంతా చదివి "అయితే డబ్బున్నవాళ్లే వెళ్లాలా?" అని ఎవరైనా అడగొచ్చు. అస్సలు కాదు. అప్పు చేసి వెళ్లడంలో తప్పేమీ లేదు. ఆ అప్పుని అప్పుగానే చూపించొచ్చు. బ్యాంకు మంజూరు పత్రం చూపిస్తే ఎవరూ తక్కువగా చూడరు. పొలం తనఖా పెడితే పెట్టామని చెప్పొచ్చు. మా బ్యాచ్‌లో అలా వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. లోను వచ్చినంతలో సరిపోయే యూనివర్సిటీ వెతుక్కోవచ్చు, ర్యాంకు నాలుగు మెట్లు తక్కువైనా సరే. రెండేళ్లు ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుని వెళ్లొచ్చు. 22 ఏళ్లకే వెళ్లాలని ఏ వీసా రూల్లోనూ లేదు, చుట్టాల రూల్లోనే ఉంది :)

కాబట్టి ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "ఎంత చూపించాలి" అని అడిగితే ఒక తెల్ల కాగితం ఇవ్వండి. నాన్న, అమ్మ, వెళ్లేవాడు ముగ్గురూ కూర్చుని నాలుగు సెమిస్టర్లకీ నాలుగు గీతలు గీసి, ఒక్కో గీత కింద ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో రాయమనండి. ఎక్కడో ఒకచోట ఖాళీ కనిపిస్తుంది. అది ఏప్రిల్‌లో ఇంట్లో కనిపిస్తే లోను పెంచుకోవచ్చు, యూనివర్సిటీ మార్చుకోవచ్చు, ఓ ఏడాది ఆగొచ్చు. అదే ఖాళీ అక్టోబరులో అక్కడ కనిపిస్తే, వాడికి మిగిలేది ఆ పెట్రోల్ బంకు కౌంటరే. మీరేమంటారు?