గోడ కొట్టే ముందు ఎవరిని పిలవాలి?

అబ్బాయి పెళ్లి కుదిరింది. హాలు ఇరుకుగా ఉంది. డైనింగ్‌కీ హాలుకీ మధ్య గోడ తీసేస్తే పోలా... అనుకున్నారు ఆ ఇంటాయన. కబురందుకుని వచ్చిన మేస్త్రీ గోడను రెండుసార్లు తట్టి చూసి, "ఒక్కరోజు పని బాబుగారూ" అన్నాడు. ఇంటావిడ మాత్రం ఒప్పుకోలేదు. "పైన శ్లాబు దేనిమీద ఆగిందో ముందు కనుక్కోండి" అన్నారు. ఇంజినీరు వచ్చి చూస్తే తేలిందేమిటంటే... ఆ పాతింట్లో పిల్లర్లే లేవు. శ్లాబు బరువంతా మోస్తున్నది ఆ గోడే!

ఇల్లు బాగుచేయించాలంటే ముందు తేల్చుకోవాల్సింది బడ్జెట్ ఒక్కటే కాదు, ఏ పనికి ఎవరిని పిలవాలన్నది కూడా.

పైపై పనులైతే... రంగులు, టైల్స్, ప్లాస్టరింగ్ లాంటివాటికి అనుభవమున్న మేస్త్రీ చాలు. అల్మరాలు, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, లైటింగ్ అన్నీ ఒకదానికొకటి కుదరాలంటే ఇంటీరియర్ డిజైనర్ సాయం తీసుకోవచ్చు.

గోడలు తీయాలన్నా, పై అంతస్తు వేయాలన్నా... స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాల్సిందే. గోడ మందాన్ని బట్టి అది బరువు మోస్తోందో లేదో చెప్పేయలేం. పునాది, పిల్లర్లు, బీములు ఎంత బరువుకు సరిపోతాయో లెక్క కట్టాలి. అల్యూమినియం అచ్చులతో కట్టే కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు కాంక్రీటువే. వాటి జోలికి అసలు వెళ్లకూడదు.

కొత్తగా కడుతున్నా, గదులన్నీ మార్చేస్తున్నా... ఆర్కిటెక్ట్ అవసరం. గాలీ వెలుతురూ ఎటునుంచి రావాలి, మెట్లు ఎక్కడుండాలి, వృద్ధులకు పడగ్గది ఎక్కడ అనుకూలం... ఇవన్నీ చూసి ప్లాను గీసేది వాళ్లే. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. ఇంటీరియర్ డిజైనర్లకు అలాంటి చట్టం లేదు. వాళ్లు గతంలో చేసిన పనులే వాళ్లకు సర్టిఫికెట్.

వాస్తు పట్టింపు ఉంటే సిద్ధాంతిగారిని ప్లాను గీయకముందే సంప్రదించండి. గోడలు లేచాక అడిగితే కట్టినవి పడగొట్టించాల్సి రావచ్చు.

ఎవరిని ఎంచుకున్నా, వాళ్లు నాలుగైదేళ్ల కిందట చేసిన ఇంటిని ఒకసారి చూసి రండి. కొత్తలో ఏ ఇల్లయినా మెరుస్తుంది. వానాకాలంలో చెమ్మ వస్తోందా, పని మధ్యలో డబ్బులు పెంచమన్నారా... అనేది ఆ ఇంటివాళ్లే చెప్పగలరు. ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయి, సైటుకు ఎన్నిసార్లు వస్తారు, కూలీ కాంట్రాక్టా లేక మెటీరియల్‌తో సహానా... అన్నీ కాగితం మీద రాయించుకోండి. డబ్బు మొత్తం ముందే ఇచ్చేయకుండా, పని జరిగే కొద్దీ ఇవ్వండి.

ఇంతకీ ఆ ఇంట్లో ఏం చేశారంటారా? ఇంజినీరు లెక్క కట్టి ఇచ్చినట్టే గోడకు ఊతం పెట్టి, పైన బీము వేయించి, మధ్యలో వెడల్పాటి గుమ్మం మాత్రం తెరిచారు. పెళ్లికి ఇంటికి రంగులు వేయించింది మాత్రం... ఆ మేస్త్రీ చేతే!