ఊహా దేశానికి ఓడలు

లేని దేశానికి చరిత్ర కల్పించి, దానికి యుద్ధనౌకలు, ప్రయాణికుల ఓడలు గీయడం వట్టి కాలక్షేపమని కొందరంటారు. మేము ఒప్పుకోం. 1922 వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకకు 35,000 టన్నుల హద్దు పెట్టింది. ఆ హద్దులో కవచం మందం పెంచితే వేగమో, ఫిరంగులో తగ్గించుకోవాలి. గీతకు లెక్క తోడుండాలి.

ప్రయాణికుల ఓడది ఇంకో లెక్క. 1912లో టైటానిక్‌లో సుమారు 2,200 మంది ఉంటే, లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికే. మొదటి తరగతిలో నూటికి 60 మందికి పైగా బతికారు. మూడో తరగతిలో దాదాపు 25 మందే. ఆ తేడా ఏమిటో హాస్టల్ పిల్లలమైన మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అందుకే మిత్రులారా, మన ఊహా దేశపు ఓడను అడుగు అంతస్తు నుంచి గీద్దాం. అక్కడివారికి లైఫ్‌బోటులో చోటు చూపాకే పొగగొట్టాలు, ఫిరంగులు!