ఆ మూడు గళ్లూ నింపరా అల్లుడూ

మా అక్క కొడుకు ఓ మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. మొన్న ఆదివారం సత్యవేడు వచ్చి, "ఇంకో పేపరు పడితే ప్రమోషన్ మామా" అన్నాడు. దేనిమీద రాస్తున్నావురా అంటే, "ఏదో ఒకటి. డబ్బు కడితే నెల తిరక్కుండా వేసే పత్రికలున్నాయి" అన్నాడు. నాకు అన్నం సహించలేదు.

డాక్టర్ సమీరన్ నందీ బృందం 2016లో ఒక లెక్క తేల్చింది. 2005 నుంచి 2014 దాకా దేశంలోని 579 వైద్య సంస్థల్లో 332 ఒక్క పరిశోధన పత్రం కూడా వెలువరించలేదు. పదోన్నతికి పేపర్లు ముడిపెడితే సున్నాలు చెరుగుతాయి, నిజమే. వాటి చోట వచ్చేదేమిటి? సరైన సమీక్ష లేకుండా వ్యాసాలు వేసి రచయితలను మోసగించిందని హైదరాబాద్ ఒమిక్స్ సంస్థను 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఈ విద్యలోనూ మన తెలుగువాళ్లే ముందు!

రాయడానికి ఇక్కడ విషయం లేకనా? మా కయ్యల్లో పాము కరవని ఏడాది లేదు. 2005లో దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు దాదాపు 45,900 మందని మిలియన్ డెత్ స్టడీ అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 6,200. ఇల్లిల్లూ తిరిగి, మనిషి ఎట్లా పోయాడని అడిగి తీసిన లెక్క అది. నాలుగింట మూడు వంతుల మంది ఆసుపత్రి బయటే పోయారు మరి. కట్లపాము నేలమీద నిద్రపోయేవాణ్ని కరుస్తుంది. గాటు కనపడదు, వాపుండదు. తెల్లారి కడుపునొప్పి అంటే గ్యాస్ మాత్ర ఇస్తారు. రెప్పలు వాలాక గానీ పాము గుర్తుకురాదు. విరుగుడు మందుకు వాడే విషం ఎక్కువగా చెన్నై దగ్గరి, పాములు పట్టే ఇరుళ్ల సహకార సంఘానిదే. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు చూపించారు. మరి మన పాములకు ఎన్ని సీసాలు పడుతున్నాయి?

ఎవరికి తెలుసు! ఇక్కణ్నుంచి తిరుపతికో చెన్నైకో రెఫర్ చేస్తారు. ఆ తర్వాత ఏమైందో మన చీటీకి తెలియదు. చేతికిచ్చే డిశ్చార్జి కాగితమంతా ఇంగ్లీషు. కూలిమనిషి దాన్ని పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టి దాచుకుంటాడు. వాడి రోగమేమిటో వాడికి తెలుగులో రాసివ్వడానికి ఏ కమిషన్ వేయాలి?

అల్లుడూ, పాముకాటు రిజిస్టర్లు తిరగెయ్యి. ఎంతసేపటికి తెచ్చారు, ఎన్ని సీసాలు ఎక్కించారు, మనిషి దక్కాడా లేదా, ఈ మూడు గళ్లూ నింపు. అది అచ్చేయడానికి డబ్బు కట్టాల్సివస్తే నేనిస్తాను.